దొరకు ఏం పెట్టాలి

చదువు పూర్తయి మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక రకం తెలివి వస్తుంది. అది ఎక్కువ కాలం నిలవదు గానీ, ఉన్నన్నాళ్ళూ చుట్టుపక్కల వాళ్ళను ప్రశాంతంగా బతకనివ్వదు. నాకు ఆ తెలివి పట్టిన కాలంలో ఇంట్లో మిక్సీ మొరాయించినా, నాయనకు మెడ పట్టేసినా, పక్కింటి కొబ్బరిచెట్టు మా గోడవైపు వాలినా వెంటనే ఫోను తీసి, నాలుగు వ్యాసాలు చదివి, తీర్పు చెప్పేసేదాన్ని. కాలు ఒకచోట నిలిచేది కాదు. ఉద్యోగం తిరుప్పూరులో, బనియన్లు ఎగుమతి చేసే కంపెనీలో. ఇల్లు కోయంబత్తూరులో, సింగానల్లూరు దాటాక. పొద్దున పోవడం, రాత్రికి రావడం. బస్సులో సీటు దొరికినా సగం దారి నిలబడే వచ్చేదాన్ని, ముందు నిలబడితే ముందు దిగొచ్చని. (దిగి చేసే ఘనకార్యం ఏమీ లేదు.) అలా నా మనసూ నా కాళ్ళూ పరుగు మీదున్న రోజుల్లో మా ఇంటికి దొర వచ్చాడు.

దొర అంటే మనిషి కాదు, కుక్క. పెరియకుళంలో మా అమ్మ తమ్ముడికి, అంటే మా మామకు, మామిడితోట ఉంది. కాపలాకని రాజపాళయం జాతి కుక్కను తెచ్చి పెట్టుకున్నాడు. పాలలో ముంచి తీసినట్టు తెల్లటి ఒళ్ళు, గులాబీరంగు ముక్కు, పిడికిట్లో ఇమిడేంత సన్నటి నడుము. ఎవరు పిలిచినా వెంటనే చూడకుండా, కాసేపాగి, పనిమాలా తల తిప్పి చూసే ఆ పద్ధతి చూసి తోటలో పనివాళ్ళు దానికి దొర అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే కడుపు కూడా దొరల కడుపే. పనివాళ్ళ సద్దిమూటల్లోంచి ఏది తిన్నా సాయంత్రానికి కక్కేది, లేదా తోటంతా పాడుచేసేది. కాపలా కాయవలసిన వేళల్లో పొదల వెనక ఉండేది. మామ విసిగిపోయి ఒకరోజు దాన్ని వ్యానులో ఎక్కించుకొచ్చి మా వాకిట్లో దించాడు. మామిడి కాపు అయిపోయాక వచ్చి చూస్తాననీ, బాగుపడితే సరే, లేకపోతే తేని పట్నంలో ఏలకుల గోదాము వాళ్ళు అడుగుతున్నారు, వాళ్ళ గేటు దగ్గర గొలుసేసి కట్టేయడానికి ఇచ్చేస్తాననీ చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. దొర ఆ వ్యాను పోయినవైపు చాలాసేపు చూసి, తర్వాత పోయి మా తాత కాళ్ళ దగ్గర పడుకున్నాడు. (ఇక మీదట 'పడుకుంది' అని రాయడం నా వల్ల కాదు. ఇంట్లో ఎవరం అలా అనలేదు.)

తాత అంటే నాయన వాళ్ళ నాయన. వయసులో ఉన్నంతకాలం లేత్ మిషన్ మీద మోటారు పంపుల సామాన్లు కోసి, ఆ పట్టడ, అంటే చిన్న వర్క్‌షాపు, నాయన చేతిలో పెట్టి, అరుగు మీద బెంచీకి చేరాడు. జీవితమంతా పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ అన్నం తిన్న మనిషి. ఆ ఏడాదే కడుపులో పుండు ఉందని డాక్టరు తేల్చి చెప్పడంతో, కారం, ఊరగాయ, టీ, నూనెలో వేయించినవి అన్నీ బంద్ అయ్యాయి. అమ్మ ఆయనకు రెండుపూటలా గోధుమరవ్వ జావ కాచి, పాలు పోసి, పెద్ద లోటాలో ఇచ్చేది. తాత దాన్ని అరుగు మీదికి పట్టుకుపోయి, నిమ్మళంగా తాగుతానని చెప్పి, ఖాళీ లోటా తిరిగి తెచ్చి ఇచ్చేవాడు. ఇంత మాట వినే మామగారు ఎవరికీ ఉండరని అమ్మ వీధిలో చెప్పుకునేది.

దొర కడుపు బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. మొదటి ఆదివారమే ఊళ్ళోని కుక్కల తిండి అమ్మే కొట్టుకు వెళితే, ఆ కొట్టతను పెళ్ళిసంబంధం చూసేవాళ్ళు అడిగినన్ని ప్రశ్నలు వేశాడు. జాతి, వయసు, బరువు, రోజుకెన్నిసార్లు, ఏ రంగు, పల్చగానా జిగటగానా. నేను సిగ్గుపడకుండా అన్నిటికీ జవాబు చెప్పాను. సున్నితమైన కడుపున్న కుక్కలకని ప్రత్యేకంగా చేసినది, ఏదో చల్లని సముద్రాల చేపతో చేసినది, ఒక మూట ఇచ్చాడు. దొర ఆ గోళీలను వాసన చూసి, నా ముఖంలోకి జాలిగా చూసి, వెళ్ళి నీళ్ళు తాగాడు. తాత ఒక గోళీ తీసి నోట్లో వేసుకుని నమిలాడు.

"ఏమ్మా ఇది, ఉప్పూ లేదు, ఉరుపూ లేదు. పావం, ఇది తినేదానికి వాడు ఏమి తప్పు చేసినాడు?" అన్నాడు. (ఉరుపంటే మా ఇళ్ళలో కారం.)

సరే, మూట పక్కన పెట్టి వ్యాసాలు చదివాను. అన్నీ ఒకే మాట చెప్పాయి: ఒకసారికి ఒకే రకం తిండి పెట్టు, కొన్నాళ్ళు చూడు, పడకపోతే మానేసి ఇంకొకటి చూడు. ఇంత సులువైన దానికి ఇంటిల్లిపాదీ ఎందుకు తల పట్టుకోవాలని నాకు నవ్వొచ్చింది. ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం మొదలుపెట్టాను. మొదట బాగానే ఉన్నట్టుండి, తర్వాత వాకిలి పాడైంది. కోడి మీద నేరం మోపి కోడిని తీసేశాను. గుమ్మడికాయ పెట్టాను. వాకిలి పాడైంది. గుమ్మడికాయను వెళ్ళగొట్టాను. చిలగడదుంప వచ్చింది, అదీ పోయింది. బియ్యం మార్చాను. నాయన, మా ఊరి కుళాయిల్లో వచ్చే సిరువాణి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు మిగతా నీళ్ళు పడవు గదా, తోటబావి నీళ్ళు తాగి పెరిగినవాడికి సిరువాణి పడకపోవచ్చునని అనుమానం వెలిబుచ్చాడు. దాంతో దొరకు నీళ్ళు కాచి చల్లార్చడం మొదలైంది. (మేం మాత్రం కుళాయి నీళ్ళే తాగేవాళ్ళం.) ఒక్కొక్క తిండినీ నిలబెట్టి, విచారించి, శిక్ష వేస్తున్నాను గానీ, శిక్ష పడ్డవాటిలో ఒక్కటి కూడా నిజంగా తప్పు చేసిందో లేదో నాకు అనుమానమే రాలేదు.

నిద్ర లేవగానే పళ్ళు తోముకోకముందే వాకిట్లోకి పరిగెత్తేదాన్ని, రాత్రి ఏం జరిగిందో చూడడానికి. బస్సెక్కాక ఒకసారి, కంపెనీలో దిగాక ఒకసారి, టీ వేళ ఒకసారి ఇంటికి ఫోను. బయటి దేశం వాళ్ళు కాలరు రంగు కుదరలేదని మెయిలు మీద మెయిలు పెడుతుంటే, నేను మెట్ల మీద నిలబడి గుసగుసగా, "దొర ఎట్ల ఉండాడు? పొద్దున గట్టిగా పోయినాడా? కక్కలేదు గదా?" అని అడిగేదాన్ని. ఆఫీసులో అందరూ తమిళం వాళ్ళు, ఇంట్లో మేం మాట్లాడే తెలుగు ఎవరికీ తెలియదని ధైర్యం.

తెలిసినవాళ్ళు ఒకరున్నారు. కుట్టుపని అయిన బనియన్లు తనిఖీ చేసే విభాగంలో మదురై వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది, అందరూ చెకింగ్ అక్క అనేవారు. వాళ్ళింట్లోనూ మన తెలుగే మాట్లాడతారని నాకు తెలియదు. ఆవిడ మెట్ల పక్కనే కూర్చుని సద్ది తినేది. ఒక సోమవారం నన్ను ఆపి, నా చెయ్యి పట్టుకుని, నిన్న మా కోవిల్లో మీ పెద్దాయన కోసం ప్రార్థన పెట్టించాను, పాస్టరయ్య పేరు చదివి అందరి చేతా ఆమెన్ అనిపించారు, ధైర్యంగా ఉండు అంది. ఏ పెద్దాయన అని అడిగితే, "దొరగారు, మీ ఇంట్లో కడుపు జబ్బుతో ఉండే ఆయన" అంది. నాకు నవ్వు రాలేదు. అంత నిండు చర్చిలో కుక్క కోసం ఆమెన్ అనిపించానని తెలిస్తే ఏమంటుందోనని, తడబడుతూనే నిజం చెప్పేశాను.

"కుక్కయితే ఏమిమ్మా, కడుపు కడుపే గదా. ఈ వారమూ చెప్తాను" అంది.

ప్రార్థన అయితే జరిగింది గానీ, దొర చిక్కిపోసాగాడు. ముందే సన్నటివాడు, పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. మామిడి కాపు ముగింపుకు వస్తోంది. మామ ఫోనులో గోదాము మాట మళ్ళీ ఎత్తాడు. అమ్మకు కూడా వాకిలి కడిగి కడిగి విసుగొచ్చింది, పంపించేద్దామని పైకి అనలేదు గానీ, చీపురు పట్టుకునే తీరులో తెలిసేది. నాకు ఉన్న చోట ఉండాలనిపించేది కాదు. మేడ మీదికి పోయేదాన్ని, దిగేదాన్ని, ఫ్రిజ్ తెరిచేదాన్ని, మూసేదాన్ని, రాత్రి చదివిన వ్యాసమే మళ్ళీ చదివేదాన్ని. చివరికి ఒక శనివారం సెలవు పెట్టి, దొరను ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. దొర తాత లేకుండా ఆటో ఎక్కనంటే తాత కూడా వచ్చాడు. ఆ దారిలో నేను గమనించింది ఒకటే, తాత మామూలుకంటే తక్కువ మాట్లాడాడు.

డాక్టరు కుర్రవాడు. దొర కడుపు నొక్కి చూసి, తమిళంలో ఒక్కొక్కటే అడిగాడు. నేను మొదటినుంచీ పెట్టిన తిండ్లన్నీ, పెట్టిన వరసలో, మానేసిన కారణాలతో సహా అప్పజెప్పాను. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఆయన అంతా విని, వీడికి పాలు పడవు, ఇది పాలవల్ల వచ్చినట్టే ఉంది, పాలు ఎవరు పోస్తున్నారు అన్నాడు. పాలు అనేవి వీడి దరిదాపులకు పోవని, అది నేను చదివిన మొదటి సంగతేనని నేను కాస్త గట్టిగానే చెప్పాను. అప్పుడు తాత నా చెవి దగ్గరికి వంగాడు. చెవి మందగించినవాళ్ళు రహస్యం చెబితే వీధి చివరికి వినిపిస్తుందన్న సంగతి ఆయనకు తెలియదు.

"ఆ జావ సంగతి ఈయనకు చెప్పొద్దుమ్మా. ఇంటికి పోయి మాట్లాడుకొందాము" అన్నాడు మన తెలుగులో.

"ఏ జావ తాతా?" అన్నాను.

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టాడు. "నేనూ అదే అడగాల అనుకొంటిని తాతా" అన్నాడు, అచ్చంగా మన తెలుగులోనే. "ఏ జావ?"

తాత ఆయన్ను కిందికీ మీదికీ చూసి, మాట మార్చే ప్రయత్నం చేశాడు. "మీరు మనవాళ్ళా? ఏ ఊరు మీది?"

"మనవాళ్ళమే. ఊరు తరవాత చెప్తాను. జావ సంగతి చెప్పండి."

ఇక దాచేందుకు భాష మిగల్లేదు. తాత బెంచీ మీద కూలబడి చెప్పాడు. దొర వచ్చిన రోజునుంచీ, అమ్మ ఇచ్చిన పాలజావలో తాను నాలుగు గుక్కలు తాగి మిగతాదంతా వాడికే పోస్తున్నాడట. వాడు లోటా కడిగినట్టు నాకేవాడట. తర్వాత వాణ్ణి నడకకు తీసుకుపోయే నెపంతో మూల మీది టీకొట్టుకు పోయి, మిరపకాయ బజ్జీ తిని, టీ తాగి వచ్చేవాడట. "వాడికి ఆకలి, నాకు వెగటు. ఇద్దరికీ సరిపోయింది అనుకొంటిని" అన్నాడు. దొర తన పేరు రాకపోయినా తన సంగతేనని తెలిసినట్టు తాత మోకాలి మీద గడ్డం ఆనించాడు. కోడి, గుమ్మడికాయ, చిలగడదుంప, సిరువాణి నీళ్ళు అన్నీ ఒక్కసారిగా నా కళ్ళముందు నిర్దోషులై నిలబడ్డాయి.

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తాత ముఖాన్నే చూస్తూ, కడుపులో మంట ఉందా, చాలా రోజులనుంచా, రంగు నల్లగా పోతోందా అని మెల్లగా అడిగాడు. తాత మూడింటికీ తల ఊపాడు. అప్పుడాయన దొరకు మందు రాసిచ్చి, "వీడికి నేను రాస్తాను. మీకు రాసేదానికి నాకు లైసెన్సు లేదు. ఇంటికి పోవద్దు, ఈ ఆటోలోనే నేరుగా ఆస్పత్రికి పోండి" అన్నాడు. ఆ మాటతో నా ఒంట్లోని తెలివంతా దిగిపోయింది. దొర తల ఒడిలో పెట్టుకుని, తాత చెయ్యి పట్టుకుని ఆటోలో కూర్చున్నాను. ప్రతి సిగ్నలు దగ్గరా దిగి పరిగెత్తాలనిపించింది. తాత మాత్రం, మీ అమ్మకు బజ్జీల సంగతి చెప్పాల్సిన పనేమీ లేదు గదా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు.

పుండు లోతుకు దిగిందని, నెత్తురు పోతోందని, సరైన సమయానికే తెచ్చారని ఆస్పత్రిలో చెప్పారు. గొట్టం వేసి చూసి, ఏదో చేసి, నెత్తురు ఎక్కించి, కొన్నాళ్ళు ఉంచుకున్నారు. నాయన వచ్చి దొరను ఇంటికి తీసుకుపోయాడు. అమ్మ వచ్చింది. బజ్జీల సంగతి విన్నది. తిడుతుందనుకున్నాం గానీ, వరండాలో నిలబడి, నా జావ అంత బాగాలేదా అని ఒక్కమాట అడిగి కళ్ళు తుడుచుకుంది. అది తాతను సూదులకంటే ఎక్కువ బాధపెట్టింది. ఇంట్లో దొర ఆ రోజులన్నీ ఖాళీ బెంచీ కింద పడుకుని, నాయన ఏం పెట్టినా ముట్టలేదు. సోమవారం నేను కంపెనీకి పోయి చెకింగ్ అక్కకు జరిగినదంతా చెప్పాను. ఆవిడ సద్ది గిన్నె మూత పెట్టి తీరిగ్గా ఆలోచించింది.

"నేను పెద్దాయన అనుకొని ప్రార్థన చేస్తిని. నువ్వు కాదంటివి. సరైన మనిషికే పోయి చేరింది చూడు" అంది.

తాత ఇంటికి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. ఆయనకు చప్పటి తిండే పెట్టాలి, దొరకూ చప్పటి తిండే పెట్టాలి, ఇద్దరూ ఒకరి గిన్నె మీద ఒకరు కన్నేసి ఉంటారు. విడివిడిగా పెడితే మళ్ళీ రాజీ కుదుర్చుకుంటారని అమ్మ భయం. ఆస్పత్రి డాక్టరునూ, పశువుల డాక్టరునూ ఇద్దరినీ అడిగి, ఇద్దరూ సరేనన్నదే వండాలని అమ్మే తేల్చింది. మెత్తగా, పిసికితే పిండయ్యేట్టు ఉడికిన అన్నం, అందులో గుమ్మడికాయ, నూనె లేకుండా ఉడికించి పోగులు తీసిన కోడి. ఒకే గిన్నెలో ఉడికేది. దించాక ముందు దొర వాటా తీసి, మిగిలినదాంట్లో తాత కోసం చిటికెడు ఉప్పు వేసేది. ఇక బేరం తాతతో. ఆయన మొదటి ముద్దకే ముఖం తిప్పుకున్నాడు. నేను ఫోను తీసి పుండ్ల గురించి చదవబోతే, దాన్ని లోపల పెట్టమని చెప్పి ఒక షరతు పెట్టాడు.

"వాడి గిన్నె నా ఎదురుగా పెట్టండి. వాడు తింటే నేను తింటాను. వాడు వద్దంటే నన్ను అడగొద్దు."

పెట్టాం. దొర వాసన చూశాడు. తాతను చూశాడు. తాత ఏమీ తెలియనట్టు గోడవైపు చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, పరీక్ష ఫలితాలప్పుడు కూడా అంత కంగారు పడలేదు. దొర ఒక ముద్ద తిన్నాడు, ఆగాడు, తర్వాత తలెత్తకుండా గిన్నె ఖాళీ చేశాడు. తాత పెద్ద నిట్టూర్పు విడిచి, మాటంటే మాటేనని, కళ్ళు మూసుకుని తినేశాడు. ఆ పూటనుంచి ఇద్దరికీ ఒకే వేళ, ఒకే అరుగు, ఒకే వంట. టీకొట్టు వైపు నడక మానేసి రెండో వీధి వైపు తిరిగారు. దొర పక్కటెముకలు మెల్లగా కప్పుకున్నాయి. తాత బుగ్గలకు రంగు వచ్చింది. వాకిలి పొడిగా ఉండడం మొదలైంది. నేను మాత్రం అలవాటు ప్రకారం పొద్దున్నే పరిగెత్తి చూసి, ఏమీ లేకపోతే కొంచెం నిరాశపడి లోపలికి వచ్చేదాన్ని.

కాపు అయిపోయి మామ వచ్చాడు, మామిడిపళ్ళ బుట్టలతో. తమ్ముడు వచ్చాడని అమ్మ మాంసం కూర చేసింది. మిరియాలూ కొబ్బరీ వేసి నూరిన ఆ కూర వాసన వీధంతా పాకింది. దొరను చూసి మామ ఆశ్చర్యపోయాడు, ఇంత బాగుపడితే ఇక గోదాము ఎందుకు, తోటకే తీసుకుపోతానన్నాడు. అది మామ కుక్క, వద్దనే హక్కు మాకు లేదు. మామ భోజనానికి కూర్చుని, దొరను మచ్చిక చేసుకుందామని ఒక మంచి ఎముక తీసి చాచాడు. దొర ఎముకను చూశాడు. ఎదురుగా తాత ముందు చప్పటి అన్నం, పక్కనే మామ ఆకులో నిగనిగలాడే కూర. తాత చూపూ దొర చూపూ ఆ కూర మీదే చాలాసేపు ఉన్నాయి. గొంతులు కదిలాయి. తర్వాత తాత తన గిన్నె చేత్తో పట్టుకుని లేచి, "ఇక్కడ మనకు గాలి ఆడదు. దా రా దొరా, బయట తిందాం" అన్నాడు. దొర ఎముకను అక్కడే వదిలేసి, తాత వెనక అరుగు మీదికి నడిచిపోయాడు.

మామ ఎముకను తిరిగి తన ఆకులో పెట్టుకున్నాడు. "ఆ ముసలాయన్ను కూడా తీసుకుపోతేనే అది తోటలో ఉంటుందిలే అక్కా" అని, దొరను కట్టేందుకు తెచ్చిన గొలుసు మా ఇంట్లోనే వదిలేసి సాయంత్రం బండెక్కాడు.

తాతా దొరా ఆ అరుగు మీద చాలా ఏళ్ళు అలాగే తిన్నారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నేను పెళ్ళయి తిరుప్పూరులోనే స్థిరపడ్డాను, ఆ బస్సు ఎక్కక చాలాకాలమైంది. నా వంటలోనూ ఇప్పుడు కారం తగ్గింది, కాళ్ళలో పరుగూ తగ్గింది. అప్పుడప్పుడు సాయంత్రం పూట బస్టాండులో, సీటు ఉన్నా కూర్చోకుండా చెవికి ఫోను ఆనించుకుని నిలబడ్డ ఆడపిల్లలు కనిపిస్తారు. నాలోని ఆనాటి పిల్ల కూడా వాళ్ళలో ఎక్కడో ఉందనిపిస్తుంది. దాన్ని బస్సులోంచి దించి, నా పక్కన కూర్చోబెట్టుకుని, ఇంత వేడన్నం పెట్టాలని ఉంటుంది. కూర్చోదు. పళ్ళెం చేత్తో పట్టుకునే వాకిట్లోకి పోతుంది, దొర ఏం చేస్తున్నాడో ఒక్కసారి చూసి వచ్చేస్తానని.